కొట్టేది ఎడంకాలు కదేటి

మోకాలి నొప్పికని ఈమధ్య సీతమ్మధారలో ఒక క్లినిక్కుకి వెళ్తున్నాను. కాలికి వైర్లు తగిలించి, కరెంటు పెట్టి, కదలకుండా పడుకోమంటారు. మొన్న పక్క మంచాల మీద ఇద్దరు కుర్రాళ్ళు పడుకుని ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటున్నారు. ఎక్కడో సముద్రాల అవతలి టీము. వచ్చే సీజనుకి కొత్తవాణ్ణి కొన్నారట, పాతవాడికి కాలు బాగోలేదట.

"ఆడి పనైపోయింది బావా. వదిలించుకోడమే మంచిది," అన్నాడొకడు.

"లేదెహె. ఈ ఒక్క సీజనూ ఎలాగో ఆడించేస్తే చాలు, కప్పు మనదే," అన్నాడు రెండోవాడు.

వైర్లు తీసెయ్యమ్మా అని నర్సుతో అన్నాను. ఇంకా టైముందండీ అంది. చేసేదేంలేక కళ్ళు మూసుకున్నాను. ఈ ఒక్క సీజనూ. సరిగ్గా ఈ మాటే మా ఇంటి అరుగు మీద ఒక వేసవంతా విన్నాను. అప్పుడు నాకు పదో, పదకొండో ఏళ్ళు.

మేముండేది హార్బరుని ఆనుకుని, కూలీల క్వార్టర్లలో. రెండేసి గదుల ఇళ్ళు, ఒకే గోడకి అటొకటీ ఇటొకటీ. అవతలింట్లో తుమ్మితే ఇవతలింట్లో చిరంజీవ అనేవాళ్ళం. ఓడలకెక్కించే ఇనుపరాయి దుమ్ము ఎప్పుడూ గాల్లోనే ఉండేది. పొద్దున్న ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి సన్నాసుల బట్టలా అయిపోయేది. అమ్మ ఆ బట్టలు దులుపుతూ తిట్టే తిట్లకి రేవులో ఒక్క ఓడ కూడా తేలకూడదు. మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళ చేపలు వేగుతున్న వాసన, పట్టాల మీది గ్రీసు వాసన, ఉప్పుగాలి వాసన. మూడూ కలిపితే మా వీధి.

వ్యాగన్లు నిలబెట్టే పట్టాలకి అవతల ఒక మైదానం ఉండేది. గడ్డి లేదు, ఎర్రమట్టే. ఓడల్లో సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టు కంపెనీ ఒకటి మా క్వార్టర్ల పేరుమీద ఫుట్‌బాల్ టీము నడిపేది. వానలు మొదలైతే ఆటలు మొదలు. ఊళ్ళోని టీములన్నీ ఒకదానితో ఒకటి ఆడి, దసరా ముందు ఫైనలు. కప్పు మా టీముకి ఎప్పుడూ రాలేదు. రాలేదన్న సంగతి మా వీధిలో పుట్టిన పిల్లలకి మాటలతోపాటే వచ్చేసేది.

ఆ టీములో ముందువరస ఆటగాడు మా మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, అక్కని అప్పా అనేవాడు. ఊరినించి చోడిపిండి మూటతో వచ్చి మా ముందుగదిలో దిగినవాడు అక్కడే ఉండిపోయాడు. పగలు అదే కంపెనీలో రోజుకూలీ, బస్తాలు మొయ్యడం. సాయంత్రం ఆట. ఎడంకాలితో కొడితే బంతి గోల్‌కీపరు చేతికి, మా వాళ్ళ మాటలో గోలీ చేతికి, తగిలి కూడా ఆగేది కాదు. అందుకని అసలు పేరు పోయి ‘లెఫ్టు’ అయిపోయాడు. వీధిలో నడుస్తుంటే కిటికీల్లోంచి "లెఫ్టూ! లెఫ్టూ!" అని అరిచేవారు. మావయ్య తలొంచుకుని నవ్వుతూ వెళ్ళేవాడు. ఆ నవ్వు చూడాలని నేను కూడా వెనకనించి అరిచేదాన్ని. "పోయే, కోతీ," అనేవాడు.

ఆ వేసవికి ముందటేడు మొదటిసారి ఫైనలుకి వెళ్ళాం. సగం ఆటలో ఎవరిదో బూటు మావయ్య కుడి మోకాలికి తగిలింది. గుడ్డ కట్టుకుని చివరిదాకా ఆడాడు. ఒక్క గోలు తేడాలో ఓడిపోయాం. నాన్న ఇంటికొచ్చి గోడకి చేరగిలబడి అన్నం వద్దన్నాడు. మావయ్య కాలు చాపుకుని కూర్చుంటే అమ్మ వేడి ఉప్పు గుడ్డలో కట్టి కాపడం పెడుతోంది. ఆ ఉప్పు మాడిన వాసనా, ఆముదం వాసనా ఆ ఏడంతా మా ఇంట్లోంచి పోలేదు.

ఇదిగో, తర్వాతి వేసవి సంగతి నేను చెబుతున్నది. ఆటలు లేని రోజులు. ఆటలు లేకపోతే మనుషులు ఆట గురించి ఎంత మాట్లాడతారో ఆ వేసవిలోనే చూశాను.

సాయంత్రం షిఫ్టు దిగగానే మా అరుగు మీద సభ. రేవులో క్రేను మీద పనిచేసే నాన్న, ఆయనతో పనివాళ్ళు, గోడకవతలి పెద్దాయన. ఈ పెద్దాయనది గోదావరి జిల్లా. రేవు ఆఫీసులో గుమాస్తా, ఉత్తరీయం వేసుకుని గాని అరుగెక్కడు. నాన్న ఆయన్ని గురువుగారూ అనేవాడు. అమ్మ మురీల్లో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలిపి చేటలో పోసేది. టీ అయ్యాక నాన్న అమ్మ ముగ్గుడబ్బా తెచ్చి అరుగు మీద మైదానం గీసేవాడు. మా వాళ్ళు చింతపిక్కలు. ఎదటివాళ్ళు జీడిపిక్కలు. మావయ్య ఒక్కడూ గురివింద గింజ, దూరంనించి కూడా తెలియాలని.

"వెనకాల లైను వీక్ అయిపోనాది గురువుగారూ," అనేవాడు నాన్న. "గోలీ కల్లు మానితే గాని లాభం లేదు."

"మానేశాడటండీ. మొన్న వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది."

"ఎప్పుడు మానినాడు? నిన్నేనా?"

అందరూ నవ్వేవారు. మళ్ళీ చింతపిక్కలు జరిపేవారు. ఒక్కో సాయంత్రం కప్పు వచ్చేసినట్టే ఉండేది. ఇంకో సాయంత్రం అసలు టీము ఉంటుందో ఉండదో అన్నట్టుండేది. నిన్న గెలిచినవాళ్ళే ఇవాళ ఎలా ఓడారో నాకు అర్థమయ్యేది కాదు, మధ్యలో ఒక్క ఆటా జరగలేదు కదా.

ఒకరోజు జీడిపిక్కలు దొరక్క, అమ్మ వేయించిన పనసపిక్కల్ని ఎదటి టీముగా పెట్టారు. వాళ్ళు వాదనలో ఉండగా నేను మెల్లిగా ఒకటి నోట్లో వేసుకున్నాను.

"ఆళ్ళ గోలీ ఏడిరా?" అన్నాడు నాన్న, ముగ్గు మీదికి వంగి.

నేను నమలడం ఆపేశాను. నాన్న చెయ్యెత్తాడు గాని పెద్దాయన అడ్డుపడ్డాడు. "కొట్టకండి కొట్టకండి. శకునమండీ ఇది! ఎదటాళ్ళ గోలీని మన పిల్లే మింగేసింది. ఈయేడు కప్పు మనదే, రాసిపెట్టుకోండి." ఆ సాయంత్రం నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. మా నాన్న నన్ను అలా ఎత్తుకోవడం అదే ఆఖరుసారి.

వాళ్ళందరి అనుమానాల్లోనూ పెద్దది మావయ్య మోకాలు. అది వాచేది, తగ్గేది, మళ్ళీ వాచేది. బస్తా మోసిన రోజున మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి ఈ ఏడు ఆట మాటెత్తొద్దన్నాడు. ఆ సంగతి ఎవరూ దాచలేదు. మావయ్యే వచ్చి అరుగు మీద అందరితో చెప్పాడు. గురివింద గింజని ముగ్గులోంచి తీసి నాన్న అరచేతిలో పట్టుకుని చూశాడు. తర్వాత ఉన్నచోటే పెట్టేశాడు.

"డాక్టరుకి ఆట గురించేటి తెలుసు? దెబ్బ కుడికాలికి. గోలు కొట్టేది ఎడంకాలు కదేటి!" అన్నాడు.

అందరి మొహాలూ విప్పారాయి. నిజమే అన్నారు. ఇంతసేపూ మనకెందుకు తట్టలేదన్నారు. మావయ్య కూడా నవ్వాడు. లోపల అమ్మ గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడైంది.

"నిలబడేది ఏ కాలిమీదో కూడా సెప్పండి," అంది వంటింట్లోంచి.

అప్పట్లో దువ్వాడ వైపు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. రోడ్డు మీద ఇనుప దూలాలతో లారీలు పోతుంటే పిల్లలం లెక్కపెట్టడం మానేసి ఊరికే చూసేవాళ్ళం. మావయ్య ఐటీఐ ఫిట్టరు చదివాడు. ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తుకి ఆ ఎండల్లోనే పిలుపొచ్చింది. ముందు ట్రైనింగు, వేరే రాష్ట్రంలో. అది అయ్యాక ఉద్యోగం, క్వార్టరు. తొలకరికి ముందే బయల్దేరాలి.

అమ్మ ఆ రోజు వంజరం చేప తెప్పించి పులుసు పెట్టింది. ఆవిడ పాడుతుంటే నేను మొదటిసారి విన్నాను, మాటలు లేని కూనిరాగం. మావయ్యకి ముల్లు తీసి మరీ పెట్టింది.

"ఇంక బస్తాలు మొయ్యక్కర్లేదురా తమ్ముడా. ఆ కాలు కాస్త సుకపడతాది."

"అవునప్పా," అన్నాడు మావయ్య. కాని తలెత్తలేదు.

కబురు సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. ఆ పూట అరుగు మీద చోటు చాలక మెట్లమీదా, కిందా నిలబడ్డారు. మంచి ఉద్యోగం వచ్చిందని ఒక్కడు సంతోషించలేదు. చావు ఇంటికి పలకరింపుకి వచ్చినట్టు వచ్చారు. క్రేను దగ్గర పనివాడొకడు మావయ్య చేతులు పట్టుకుని ఏడిచేశాడు. నువ్వు లేకపోతే టీము లేదన్నాడు. తన కొడుక్కి లెఫ్టు అని పేరు పెడదామనుకుంటున్నానన్నాడు.

మర్నాడు టీము సెక్రటరీ స్కూటరు మీద వచ్చాడు. కంపెనీలో పెద్ద ఉద్యోగి. తెల్లప్యాంటు, నల్లకళ్ళద్దాలు. అలాంటి మనిషి మా ఇంటికి రావడం అదే మొదలు. పెద్దాయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశారు. చుట్టూ వీధివాళ్ళు మూగారు.

"చూడు లెఫ్టూ," అన్నాడు కూర్చుంటూనే. "ఈసారి కప్పు గెలిస్తే మన టీముకి పర్మినెంటు ఉద్యోగాలిస్తామని పైవాళ్ళు ఒప్పుకున్నారు. నీకెక్కడో దూరం పోయే ఖర్మేంటి? ఇక్కడే, నీ వాళ్ళ మధ్యనే ఉంటావు."

"డాక్టరు ఆడొద్దన్నాడు బాబూ," అంది అమ్మ గుమ్మంలోంచి.

"అన్ని మ్యాచ్‌లూ ఆడక్కర్లేదమ్మా. పెద్ద మ్యాచ్‌లకి దిగితే చాలు. మా దగ్గర మంచి ఆయింట్‌మెంట్లున్నాయి."

ఆయన వెళ్ళాక నాన్న మావయ్య పక్కన కూర్చున్నాడు. నాన్న చెడ్డవాడు కాడు. మావయ్యకి తన పళ్ళెంలో చేపముక్క తీసి పెట్టే మనిషి. ఆ మనిషే మావయ్య భుజం మీద చెయ్యేసి అన్నాడు.

"ఈ ఒక్క సీజనూ ఆడీరా బావా. కప్పు గెలిసీసి, పర్మినెంటు అయిపోయి, కాలు మీద కాలేసుకుని కూకో. ఫ్యాక్టరీ ఎక్కడికి పోతాది? ఆల్లు మల్లీ పిలుత్తారు."

"మల్లీ పిలుత్తారని నీకెవులు సెప్పినారు?" అంది అమ్మ.

"నువ్వు ఊరుకోయే. ఇది మొగోల్ల ఇసయం."

"కాలు కూడా మొగోల్లదే పోతాది మరి."

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ తమ్ముడి ఎదురుగా కింద కూర్చుంది.

"నాకు సెప్పు. నీకేటి కావాల? ఆల్లకి కాదు, నీకు."

మావయ్య మోకాలు నిమురుకున్నాడు. నేను తలుపు చాటున కాదు, వాళ్ళ పక్కనే చింతకాయ నంజుకుంటూ కూర్చున్నాను. అందుకే నాకు బాగా గుర్తు.

"అప్పా, ఊర్లో నన్ను ఎవులైనా పేరెట్టి పిలిసినారా? కాపుగోరబ్బాయి అన్నారు, నాన్న పోనాక అది కూడా లేదు. ఇక్కడ నాను బజారుకెల్తే మనుసులు లెగిసి నిలబడతన్నారు. ట్రైనింగుకి ఎల్తే అక్కడ నానెవుణ్ణి?"

"ఫిట్టరువి."

"అదే మరి," అన్నాడు.

బయల్దేరాల్సిన తేదీ దాటిపోయింది. అదే రోజున మావయ్యతోపాటు దరఖాస్తు పెట్టుకున్న పక్కవీధి కుర్రాళ్ళు ట్రంకుపెట్టెలతో స్టేషనుకి వెళ్ళారు. మావయ్యే వాళ్ళ పెట్టెల్లో ఒకటి మోసి, రైలెక్కించి, కుంటుకుంటూ తిరిగొచ్చాడు.

తొలకరి పడింది. ఎర్రమట్టి మెత్తబడింది. సీజను మొదలయ్యే ముందు మాలో మేమే రెండు జట్లుగా ఆడే పరీక్ష ఆట ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళని చూసుకోడానికి. దానికి ఇంతమంది జనం ఎప్పుడూ రారు, ఆ రోజు లెఫ్టు మోకాలు ఎలా ఉందో చూడ్డానికి వీధి వీధంతా కదిలొచ్చింది. సెక్రటరీ ఈ ఆటకి మావయ్య దిగక్కర్లేదనే అన్నాడు. జనం ఊరుకోలేదు. లెఫ్టూ, లెఫ్టూ అని అరుస్తూనే ఉన్నారు. అన్నిటికంటే పెద్ద గొంతు మా నాన్నది. మావయ్య గట్టుమీదినించి లేచి బనీను వేసుకున్నాడు. నేనూ గంతులేశాను.

మోకాలికి పట్టీ బిగించుకుని ఆడాడు. మొదట్లో నిదానంగా, తర్వాత పాత మావయ్యలాగే. బంతి ఎడంకాలికి దొరికింది. ఒకణ్ణి తప్పించాడు. ఇంకొకణ్ణి తప్పించడానికి కుడికాలిమీద నిలబడి పక్కకి తిరిగాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవరూ తగల్లేదు. కర్ర విరిగినట్టు చప్పుడు వినిపించిందని కొందరన్నారు, నాకైతే వినపడలేదు. మావయ్య కూలబడడం చూశాను. రెండు చేతులతో మోకాలు పట్టుకుని, మొహం బురదలో పెట్టి, నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు. నేను పరిగెత్తాను.

ఇప్పుడు చెప్పేది నేను చెవులారా విన్నది. అంత జనంలోంచీ వచ్చిన మొదటి మాట, అయ్యో లెఫ్టూ అని కాదు.

"పోయింది. కప్పు పోయింది."

ఆ మాటన్నది నాన్న. నెత్తిమీద చేతులు పెట్టుకుని మట్టిలో చతికిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నాన్నని ఓదారుస్తున్నారు.

మావయ్యని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను ఇంటికొచ్చాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అప్పటికే ఎవరో చెప్పేశారు.

"మీ నాన్న ఏటన్నాడే?" అంది.

చెప్పాను. అమ్మ గంజి వార్చి, గిన్నె తుడిచి, అన్నం క్యారేజీలో సర్దుకుని, కొప్పు బిగించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఆ తర్వాత మా ఇంట్లో అమ్మ నాన్నతో మాట్లాడడం చాలా తగ్గిపోయింది. వడ్డించేది, బట్టలుతికేది, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చేది. అంతవరకే.

మొదటి వారమంతా వీధివాళ్ళు ఆసుపత్రికి కదిలొచ్చారు. హార్లిక్సు సీసాలు, బత్తాయిలు, బ్రెడ్డు. మావయ్యని ఇంటికి తెచ్చేసరికి వచ్చేవాళ్ళు పల్చబడ్డారు. కాలు ఇంక పూర్తిగా మడవడం రాదని డాక్టరు చెప్పాక ఇంకా పల్చబడ్డారు. ఈలోగా సెక్రటరీ ఖరగ్‌పూర్ నించి ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. పొట్టిగా, ఎలకలా ఉంటాడన్నారు. వేగం మాత్రం మామూలు వేగం కాదన్నారు.

సభ మళ్ళీ మొదలైంది. కాని మా అరుగు మీద కాదు. మావయ్య ముందుగదిలో కాలు చాపి పడుకుని ఉంటే, ఆ కాలు ముందు కూర్చుని కొత్తవాడి గురించి మాట్లాడ్డం బాగోదనుకున్నారు కాబోలు. గోడకవతల పెద్దాయన అరుగు మీదికి మారారు. నాన్న మొదట్లో వెళ్ళేవాడు కాదు. ఒకరోజు "ఇప్పుడే వొచ్చెత్తాను," అని చెప్పులేసుకున్నాడు. తర్వాత అదీ చెప్పకుండానే వెళ్ళేవాడు.

ఒకే గోడ అని చెప్పాను కదా. అవతలి మాటలన్నీ మాకు వినపడేవి.

"పొట్టోడు రెండు కాళ్ళతో కొడతాడండీ," అంటున్నాడు పెద్దాయన. "ఒక్క కాలిమీద ఆధారపడ్డం వల్లే ఇన్నాళ్ళూ మనం చెడ్డాం."

మావయ్య విన్నాడు. నేను పక్కనే కూర్చుని మరచెంబుతో నీళ్ళు పట్టుకుని ఉన్నాను. ఆయనకి కోపమొస్తుందనీ, ఆ చెంబు తీసి గోడకేసి కొడతాడనీ చూశాను. నేనైతే కొడదును. మావయ్య మోచేతిమీద లేచి, గోడవైపు మెడ సాచి గట్టిగా అరిచాడు.

"గురువుగారూ! పొట్టోడు కుడిపక్కే ఆడాల. ఎడంపక్క ఎదటోల్లు కాసుకుని ఉంటారు!"

గోడకవతల మాట ఆగిపోయింది. ఎవరో దగ్గారు. తర్వాత వేరే సంగతి మొదలెట్టారు, వాన గురించో, ఓడ గురించో. మావయ్య ఇంకొంచెంసేపు అలాగే మెడ సాచి ఉండి, మెల్లిగా తల దిండుమీద పెట్టుకున్నాడు.

ఆ ఏడు కప్పు మాకే వచ్చింది.

పొట్టివాడే కొట్టాడు ఫైనలు గోలు. పొద్దువాలే వేళకి డప్పులు వినిపించాయి. వీధిలో ఎదురింటివాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. ఆడవాళ్ళు బిందెలతో రోడ్డు తడిపారు. ఊరేగింపు మా ఇంటిముందు ఆగింది. ముందు మా నాన్న, చొక్కా విప్పి నడుముకి కట్టుకుని, ఒళ్ళంతా గులాలుతో, డప్పు వాయించేవాళ్ళ మధ్య ఆడుతున్నాడు. నాన్న అంత ఆనందంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. నా పెళ్ళికి కూడా చూడలేదు.

మావయ్య కర్ర పోటేసుకుని గుమ్మంలోకొచ్చాడు. జనం మళ్ళీ "లెఫ్టూ!" అని అరిచారు. సెక్రటరీ తన మెళ్ళోని దండ తీసి మావయ్య మెళ్ళో వేశాడు. కప్పు చేతికిచ్చాడు. మావయ్య దాన్ని గుండెకి హత్తుకుని నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక కన్నీళ్ళు బుగ్గలమీద అలాగే కారుతున్నాయి.

అప్పుడు అమ్మ బయటికొచ్చింది. చేతులకి పిండి ఉంది. సెక్రటరీకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"బాబూ, మా తమ్ముడి పర్మినెంటు ఎప్పుడు?"

డప్పులు ఆగిపోయాయి. సెక్రటరీ నల్లకళ్ళద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చూద్దామమ్మా. ముందు ఆడినవాళ్ళకి అవనీ."

"ఆడేకదా ఇలాగైనాడు."

"సీజనులో ఆడినవాళ్ళకమ్మా. అది పరీక్ష ఆట."

నాన్న గబగబా వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏటే ఇది, నలుగుర్లో! ఇప్పుడేనా అడగడం?"

"నలుగుర్లోనే కదేటి మాటిచ్చినారు," అంది అమ్మ.

మావయ్య కప్పు చేతిలో పెట్టుకుని ఆ మొహం ఈ మొహం చూస్తున్నాడు. చివరికి ఆయనే కప్పు తిరిగిచ్చేసి, "వాయించండ్రా, ఏటలా సూత్తన్నారు?" అన్నాడు డప్పులవాళ్ళతో. వాళ్ళు వాయించారు. ఊరేగింపు వీధి మలుపు తిరిగింది. నాన్న కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూసి, వెళ్ళాడు.

టీములో ఆడినవాళ్ళకి ఉద్యోగాలు వచ్చాయి. కల్లు మానని గోలీకి కూడా వచ్చింది. పొట్టివాడు ఇంకో ఏడాది ఆడి కలకత్తా వెళ్ళిపోయాడు. నాన్న మావయ్యకోసం కంపెనీ చుట్టూ తిరిగాడు, తిరగలేదని అనను. వంగలేనివాణ్ణి బస్తాలకి కూడా పెట్టుకోలేమన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ పిలిచారు గాని వైద్య పరీక్షలో ఆ మోకాలు చూసి పంపించేశారు. కొన్నాళ్ళు ఊరెళ్ళి, అక్కడా చేసేదేంలేక తిరిగొచ్చాడు. చివరికి దువ్వాడ స్టేషను దగ్గర చిన్న సైకిలు స్టాండు పెట్టుకున్నాడు. ఉక్కునగరంలో క్వార్టర్లు వచ్చేదాకా ఫ్యాక్టరీ వాళ్ళు చాలామంది రైళ్ళలోనే వచ్చేవారు. ఆనాడు ట్రంకుపెట్టెలతో వెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళలో ఉండేవారు. స్టేషనునించి ఫ్యాక్టరీకి వెళ్ళే సైకిళ్ళు మావయ్య దగ్గర పెట్టి, తీసుకునేవారు. వాళ్ళ సైకిళ్ళు మావయ్య తుడిచి మరీ ఇచ్చేవాడు.

పెళ్ళి లేదు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు నడక చూసి వెళ్ళిపోయేవారు.

కంపెనీ ఎత్తేశారు. మైదానంలో ఇనుపరాయి గుట్టలు పోశారు. క్వార్టర్లు పడగొట్టారు. పెద్దాయన రిటైరై గోదావరి జిల్లాకి పోయారు. నాన్న సెలవురోజుల్లో బస్సెక్కి దువ్వాడ వెళ్ళి, సైకిలు స్టాండులో మావయ్య పక్కన బల్లమీద కూర్చునేవాడు. ఇద్దరూ పేపరు చూసుకుంటూ ఏదో ఒక టీము గురించి, వచ్చే ఏడు దాని సంగతి గురించి వాదించుకునేవారు. నాన్న పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మావయ్యే. అమ్మ కళ్ళలో నీళ్ళు రాలేదు. ఊళ్ళోవాళ్ళు తప్పుపట్టారు. ఆవిడ పట్టించుకోలేదు.

నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకసారి దువ్వాడలో రైలు దిగి మావయ్యని చూడ్డానికి వెళ్ళాను. జుట్టు తెల్లబడింది. నాకు టీ తెప్పించి, తన సీసా మూత తీసి మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. చాలా ఏళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అప్పుడడిగేశాను.

"మావయ్యా, నీకు ఆళ్ళమీద కోపం రాలేదా? నాన్న మీద?"

ఆయన నూనె సీసా మూత పెట్టి, నావైపు విచిత్రంగా చూశాడు.

"కోపమేటే పిచ్చిదానా? అంతమంది నన్ను కావాలనుకున్నారు. బతుకంతా ఒకెత్తు, ఆ ఎండాకాలం ఒకెత్తు."

లోపల నిజంగానే అలా ఉందేమోనని ఆయన మొహం వెతికాను. నిజంగానే అలా ఉంది. ఆ ఎండాకాలం తలుచుకుంటే ఆయన కళ్ళు వెలుగుతున్నాయి. నేను టీ గ్లాసు బల్లమీద పెట్టేసి, రైలుకి టైమైందని చెప్పి లేచి వచ్చేశాను. రైలుకి ఇంకా చాలా టైముంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, ఎవరూ లేనిచోట నిలబడి ఏడిచాను.

వీధివాళ్ళనీ, సెక్రటరీనీ, నాన్ననీ ఎప్పటికైనా క్షమించగలనేమో. మావయ్య ఇచ్చిన ఆ జవాబుని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.